ఆన్‌లైన్ సర్కారు సేవలు, మన దగ్గర, బయట: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు పాలనా వ్యవహారాల పాఠం చెబుతుంటాను. ఈ-గవర్నెన్స్ చెప్పే రోజు క్లాసులో సగం సమయం ప్రశ్నలకే పోతుంది. సాయంత్రం కాలనీలో పెద్దవాళ్లు కూడా అవే ప్రశ్నలు వేరే మాటల్లో అడుగుతారు. ఏటా ఇదే తంతు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఒక దరఖాస్తు ఎట్లా నడుస్తుందో ఆ వరసలో సర్దాను. మీ సందేహం ఎక్కడుంటే అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## పోల్చడం మొదలుపెట్టే ముందు

ఏ దేశం ఫస్ట్ అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు కదా సార్?

చెప్పొచ్చు. ఐక్యరాజ్యసమితి రెండేళ్లకోసారి 193 దేశాలకు ఈ-గవర్నమెంట్ ర్యాంకులు ఇస్తుంది. 2024లో డెన్మార్క్ మొదటిది, ఎస్తోనియా రెండోది, సింగపూర్ మూడోది. మనది 97. పరీక్షలో బిట్ వస్తే ఇంతే రాసి రండి.

కానీ ఆ ర్యాంకు వెబ్‌సైట్లను మాత్రమే చూసి ఇచ్చేది కాదు. ఆన్‌లైన్ సేవలు, టెలికాం సదుపాయాలు, జనం చదువు ఈ మూడూ కలిపి లెక్కగడతారు. కాబట్టి మన పోర్టల్ ఎంత బాగున్నా అక్షరాస్యత తక్కువైతే ర్యాంకు కిందికే ఉంటుంది. ఇంకో సంగతి, ఎస్తోనియా జనాభా మొత్తం 14 లక్షల లోపే. 2011 లెక్కల్లో ఒక్క ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే 35 లక్షల మంది ఉన్నారు. పోల్చవద్దని కాదు, పోల్చేటప్పుడు ఈ సంఖ్య పక్కన రాసుకోండి.

రాష్ట్రాల మధ్య పోలిక ఎక్కడ దొరుకుతుంది?

కేంద్ర పరిపాలనా సంస్కరణల శాఖ 'నెస్డా' పేరుతో మదింపు చేస్తోంది. మొదటిది 2019లో, ఆ తర్వాతది 2021లో వచ్చింది. రాష్ట్రాల పోర్టళ్లు ఎంత సులువుగా ఉన్నాయి, ఎన్ని సేవలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి అన్నది చూస్తారు. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి ఎన్ని పూటలు పోయాయన్నది ఆ పట్టికల్లో కనిపించదు.

మీసేవ కంటే ముందు ఏముండేది?

1999 చివర్లో హైదరాబాద్‌లో 'ట్విన్స్' అనే ప్రయోగం మొదలైంది. అదే 2001లో ఈసేవగా మారింది. కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఫోన్ బిల్లు అన్నీ ఒకే కౌంటర్‌లో కట్టడం అప్పట్లో పెద్ద వింత. 2011 నవంబర్‌లో వచ్చిన మీసేవ అసలు తేడా బిల్లుల దగ్గర లేదు. డిజిటల్ సంతకంతో సర్టిఫికెట్ ఇవ్వడం దాంతోనే మొదలైంది. గ్రీన్ ఇంకు సంతకం, గుండ్రటి ముద్ర లేకుండా కాగితం చెల్లుతుందని ఆఫీసులకు నమ్మకం కలగడానికి కొన్నేళ్లు పట్టింది.

రాష్ట్రం విడిపోయాక రెండు దారులయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టి మనుషులను ఊళ్లోకి పంపింది. తెలంగాణలో మీసేవ కేంద్రాలే ప్రధాన ద్వారంగా కొనసాగాయి.

## దరఖాస్తు పెట్టేటప్పుడు

ఎస్తోనియాలో అంతా ఇంట్లోంచే అయిపోతదట. మనం సెంటర్‌కు ఎందుకు పోవాలి?

అక్కడ 2002 నుంచి ప్రతి మనిషికీ చిప్ ఉన్న గుర్తింపు కార్డు ఉంది. దానికి రెండు పిన్‌లు ఉంటాయి. ఒకటి లాగిన్‌కు, రెండోది సంతకానికి. ఆ డిజిటల్ సంతకం చేతి సంతకంతో సమానం. 2000 నుంచే పన్ను రిటర్నులు ఆన్‌లైన్, 2005 నుంచి ఓటు కూడా ఆన్‌లైన్. ఆఖరికి మిగిలిన విడాకుల దరఖాస్తు 2024 డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లోకి వచ్చింది.

మనది సాయం చేసి ఇప్పించే పద్ధతి. ఫారం నింపేది ఆపరేటర్, వివరాలు చెప్పేది మనం. ఈ దారిలో మనం ఒంటరివాళ్లం కాదు. కేరళ 2002లో మలప్పురంలో అక్షయ కేంద్రాలు పెట్టింది, బంగ్లాదేశ్ 2010 నుంచి యూనియన్ డిజిటల్ సెంటర్లు నడుపుతోంది, రువాండాలో 'ఇరెంబో' పోర్టల్‌కు ఊరూరా ఏజెంట్లున్నారు. టైపింగ్ రాని జనానికి ఇది తక్కువరకం ఏర్పాటేమీ కాదు. మొబైల్‌లో చేసుకోగల కుర్రాడిని కూడా సెంటర్‌కే రమ్మంటేనే తప్పు. మీసేవలో చాలా సేవలకు సిటిజన్ లాగిన్ ఉంది. ఆ సంగతి బోర్డు మీద పెద్దక్షరాల్లో రాసిన సెంటరైతే నాకు ఇంతవరకు తగల్లేదు.

ఆధార్ ఇచ్చాం కదా, మళ్లీ మళ్లీ జిరాక్సులు ఎందుకు అడుగుతారు?

ఎస్తోనియాలో చట్టమే ఉంది: సర్కారు దగ్గర ఒకసారి ఉన్న వివరం జనాన్ని రెండోసారి అడగకూడదు. అడగాల్సిన ఆఫీసు ఇంకో ఆఫీసును అడగాలి. దానికోసం 2001లో 'ఎక్స్-రోడ్' అనే మార్పిడి వ్యవస్థ పెట్టుకున్నారు. వివరాలన్నీ ఒకే పెద్ద గోదాములో కుప్ప పోయలేదు. ఏ శాఖ రికార్డు ఆ శాఖ దగ్గరే ఉంటుంది, అవసరమైనప్పుడు అవసరమైనంత మాత్రమే అటూ ఇటూ పోతుంది.

మన దగ్గర 2015లో వచ్చిన డిజిలాకర్ ఆ పనిలో కొంత చేస్తుంది. అందులో జారీ అయిన పత్రం ఒరిజినల్‌తో సమానమని 2017లోనే నిబంధన సవరించారు. అయినా కౌంటర్‌లో మాట ఒక్కటే: రెండు సెట్లు జిరాక్స్ తేండి, సంతకం పెట్టి.

అసలు చిక్కు పేర్లలో ఉంది. కొమురయ్య అని ఒక రైతు ఉన్నాడనుకోండి. ఆధార్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో 'కొమురయ్య', పట్టాదార్ పాస్‌బుక్‌లో 'కొంరయ్య', బ్యాంకులో ఇంటిపేరు ముందు, రేషన్ కార్డులో ఇంటిపేరే లేదు. ఊరంతా ఎరిగిన మనిషి, కంప్యూటర్‌కు నలుగురు మనుషులు. ఇక ఆపరేటర్ అఫిడవిట్ తెమ్మంటాడు, నోటరీ దగ్గర ఇంకో ఖర్చు. ఎస్తోనియాలో పుట్టగానే ఒక నంబరు వస్తుంది, అన్ని రికార్డులూ దానికే కడతారు. మన ఆధార్ 2010లో మొదలైంది. అప్పటికే ఇళ్లలో నలభై ఏళ్ల కాగితాలున్నాయి, తలా ఒక స్పెల్లింగ్‌తో. సాఫ్ట్‌వేర్ మారిస్తే ఈ పేర్లు సర్దుకోవు. ఎవరో ఒకరు కూర్చుని పేరుకు పేరు కలపాల్సిందే.

వాట్సాప్‌లో సేవలు వచ్చినంక సెంటర్లు మూతపడతాయా?

పడవు. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలు వాట్సాప్‌లో మొదలుపెట్టింది. తెలంగాణ కూడా అదే ఏడాది మీసేవను వాట్సాప్‌లోకి తెచ్చింది. బిల్లు కట్టడం, స్టేటస్ చూడటం, ఉన్న సర్టిఫికెట్ దింపుకోవడం లాంటివి దీంతో నిజంగా తేలికయ్యాయి. విచారణ కావాల్సిన పని అయితే వాట్సాప్‌లో పెట్టినా సెంటర్‌లో పెట్టినా చేరేది అదే అధికారి లాగిన్‌కు.

ఉక్రెయిన్ 2020లో తెచ్చిన 'దియా' యాప్‌ను దీనితో పోల్చి చూడండి. అక్కడ ఫోన్‌లోని పాస్‌పోర్ట్‌కు కాగితం పాస్‌పోర్ట్‌తో సమాన విలువ ఉందని 2021లో చట్టం చేశారు. యాప్ అందరూ చేస్తారు. దానికి చట్టబలం ఇచ్చారా అన్నది అడగండి.

మా నాయనకు వేలిముద్ర పడదు. అక్కడి ముసలివాళ్లు ఏం చేస్తారు?

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతులను చూడండి. ఏళ్ల తరబడి మిర్చి, పత్తి ఏరిన చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషన్ మీద బొటనవేలు పెట్టిస్తారు, తుడిచి మళ్లీ పెట్టిస్తారు, చూపుడు వేలు అంటారు, పక్కన తడిగుడ్డ పెట్టుకునే ఆపరేటర్లూ ఉన్నారు. పడకపోతే కనుపాప స్కాన్ అడగండి, ఫోన్ నంబర్ ఆధార్‌కు కట్టి ఉంటే ఓటీపీ అడగండి. ముందు ఆ నంబర్ ఎవరిదో చూసుకోండి. చాలా ఇళ్లలో అది ఎప్పుడో పారేసిన సిమ్‌ది.

డెన్మార్క్‌లో 2014 నవంబర్ నుంచి 15 ఏళ్లు నిండినవాళ్లందరికీ సర్కారు ఉత్తరాలు డిజిటల్ పెట్టెకే వస్తాయి. ఇది ఐచ్ఛికం కాదు. అయితే చేతకానివాళ్లు, దివ్యాంగులు మినహాయింపు అడగవచ్చు, వాళ్లకు కాగితం మీదే వస్తుంది. ఇంత డిజిటల్ దేశంలోనూ ఆ తలుపు తెరిచే ఉంచారు. మన దగ్గర మినహాయింపు ఎవరి చేతిలో ఉందంటే, ఆ పూట కౌంటర్‌లో ఉన్నవాడి మంచితనంలో.

దరఖాస్తే లేకుండా పథకం ఇస్తారట, నిజమా?

నిజమే. ఆస్ట్రియాలో 2015 నుంచి బిడ్డ పుట్టినట్టు నమోదు కాగానే కుటుంబ భత్యం దానంతటదే మొదలవుతుంది. ఎస్తోనియాలో 2019 నుంచి తల్లిదండ్రులకు సర్కారే సందేశం పంపుతుంది, ఒప్పుకుంటే చాలు.

వాళ్లనే చూడనక్కర్లేదు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైన రైతుబంధుకు రైతు దరఖాస్తు పెట్టలేదు. పట్టా రికార్డులో పేరుంటే ఎకరానికి పంటకు 4,000 రూపాయల చెక్కు ఊరికే వచ్చింది. పద్ధతిగా చూస్తే అది ఆస్ట్రియా పద్ధతే. అదే కారణంతో కౌలు రైతుకు రాలేదు, ఎందుకంటే కౌలు ఏ రిజిస్టర్‌లోనూ లేదు. దరఖాస్తు లేకపోతే రికార్డే దేవుడు. రికార్డులో లేనివాడికి కనీసం అడిగే ఫారం కూడా ఉండదు.

తర్వాతి సర్కారు దీనికి పూర్తి వ్యతిరేక దారి పట్టింది. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన సభల్లో కాగితం మీద దరఖాస్తులు తీసుకున్నారు. కోటికి పైగా వచ్చాయి. ఆ తర్వాత అవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాల్సి వచ్చింది. ఎవరినీ వదలకూడదనుకుంటే ఇంత చాకిరీ ఉంటుంది.

## ఫైలు లోపల ఉన్నప్పుడు

ఆన్‌లైన్‌లో పెట్టినా తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుడే. ఇంక ఆన్‌లైన్ ఎందుకు?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మీసేవలో సేవలు రెండు రకాలు. 'ఎ' కేటగిరీవి అక్కడికక్కడ ప్రింట్ తీసి ఇచ్చేవి, రికార్డు ముందే కంప్యూటర్‌లో ఉంటుంది. 'బి' కేటగిరీవి గడువు పెట్టి ఇచ్చేవి, అధికారి చూసి ఆమోదించాలి. జనం తిరిగేదంతా ఈ రెండో రకం కోసమే. దరఖాస్తు ఆన్‌లైన్ అయింది, నిర్ణయం మాత్రం పాత పద్ధతిలోనే ఉంది.

ఆదాయ సర్టిఫికెట్ తీసుకోండి. ఎస్తోనియాలో అసలు అలాంటి సర్టిఫికెట్ అవసరం పడదు. జీతాలన్నీ పన్ను శాఖకు తెలుసు, స్కాలర్‌షిప్ ఇచ్చే ఆఫీసు నేరుగా అడిగి తెలుసుకుంటుంది. మన దగ్గర పర్వతగిరిలో రెండెకరాల పత్తి, మిగతా రోజులు కూలి చేసే ఇంటి ఆదాయం ఎంత? ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ చేసి ఒక అంకె వేయాల్సిందే. అంటే ఇక్కడ విచారణ పెట్టడం అధికారుల పట్టుదల మాత్రమే కాదు, దానికి కారణం ఉంది. కానీ కులం మారదు కదా? ఒకసారి మీసేవలో జారీ అయిన కుల సర్టిఫికెట్‌ను పాత నంబర్‌తో మళ్లీ తీసుకునే వీలుంది. అయినా ప్రతి జూన్‌లో, అడ్మిషన్ల టైమ్‌లో, కొత్త తారీఖుతో తెమ్మనే కాలేజీలుంటాయి. అప్పుడు ఆ క్యూలకు సర్కారు సాఫ్ట్‌వేర్ కారణం కాదు, కాలేజీ గుమాస్తా కారణం.

రసీదు మీద ఉన్న దరఖాస్తు నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి. ఆఫీసుకు పోయే ముందు ఫైలు ఎవరి లాగిన్‌లో ఆగిందో చూసుకుని పొండి. 'మా దగ్గరికి రాలేదు' అనే మాటకు అదొక్కటే మందు.

గడువు దాటితే బయట ఏం చేస్తారు?

ఇందులో పాఠం చెప్పడానికి విదేశాలు అక్కర్లేదు, మన రాష్ట్రాలు చాలు. మధ్యప్రదేశ్ 2010లో దేశంలోనే మొదటి సేవల హామీ చట్టం చేసింది. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 5,000 రూపాయల దాకా జరిమానా. కర్ణాటక 'సకాల' చట్టంలో దరఖాస్తుదారుకు రోజుకు 20 చొప్పున 500 రూపాయల దాకా పరిహారం. డబ్బు చిన్నదే, కానీ అడిగే హక్కు కాగితం మీద వచ్చింది.

తెలంగాణలో భవన అనుమతులకు 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ ఇంకో అడుగు ముందుకేసింది. 21 రోజుల్లో జవాబివ్వకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. ఇంకా చిన్న ఇళ్లకు సొంత ధ్రువీకరణ చాలు. దాని వెనక కత్తి కూడా ఉంది: అబద్ధం రాస్తే నోటీసు లేకుండానే కూల్చవచ్చు. అధికారి ముందు చూసి అనుమతించడం పోయి, ముందు నమ్మి తర్వాత పట్టుకోవడం వచ్చింది. నా మటుకు ఆదాయ, నివాస సర్టిఫికెట్లకూ ఇలాంటి పద్ధతే ఉండాలి.

సర్వర్ డౌన్ అక్కడ ఉండదా?

ఎందుకుండదు! 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజోన్‌లో సర్కారు డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని వందల ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే డ్రైవ్‌కు బయట బ్యాకప్ లేక అది పోయింది. ర్యాంకుల్లో నాలుగో దేశం అది. 2017లో ఎస్తోనియా కార్డు చిప్‌లో లోపం బయటపడితే సుమారు 7.6 లక్షల కార్డులను అప్‌డేట్ చేసేదాకా ఆపేశారు. లోపం ఉందని సర్కారే ముందుగా జనానికి చెప్పింది. మన కౌంటర్‌లో 'సర్వర్ డౌన్' అంటే అది ఏ సర్వర్, ఎప్పుడు లేస్తుంది అని చెప్పే బోర్డు ఒక్కటీ ఉండదు.

## కాగితం వచ్చాక, తప్పు దొర్లితే

ధరణికి, భూభారతికి తేడా ఏంది? రెండూ ఆన్‌లైనే కదా?

రెండూ ఆన్‌లైనే. రెండూ తెలంగాణ భూమి రికార్డుల పోర్టళ్లే, తేడా తప్పు దిద్దే దగ్గర ఉంది. 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణిలో స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దార్ దగ్గరే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకేసారి చేయించుకునే వీలుండేది. రికార్డు సరిగ్గా ఉన్నవాడికి అది బాగానే పనిచేసింది. విస్తీర్ణం తక్కువ పడ్డవాడు, పొరపాటున నిషేధిత జాబితాలోకి ఎక్కినవాడు మాత్రం ఏ మాడ్యూల్‌లో పెట్టాలో తెలియక తిరిగాడు. కింది అధికారి ఆర్డర్ మీద అప్పీలుకు పోయే దారి చట్టంలో లేదు, సివిల్ కోర్టే గతి.

2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది. మొదట నాలుగు మండలాల్లో పెట్టారు, అందులో ములుగు జిల్లా వెంకటాపూర్ ఒకటి. ఆర్డీవో, కలెక్టర్ స్థాయిల్లో అప్పీలు ఇందులో వచ్చింది. పోర్టల్ రంగు మారిందా, పేరు మారిందా అన్నది పక్కనపెట్టి ఈ అప్పీలు ఎంతమందికి ఎన్ని నెలల్లో తేలుతుందో చూడండి.

కంప్యూటరే రేషన్ కార్డు తీసేసిందంటున్నారు. అట్లా కూడా జరుగుతుందా?

జరిగింది, ఇక్కడా జరిగింది, బయటా జరిగింది. తెలంగాణలో 'సమగ్ర వేదిక' రకరకాల శాఖల డేటాను కలిపి ఒక ఇంటి ఆస్తిపాస్తులను అంచనా వేస్తుంది. రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది కుటుంబాలను మోసగాళ్లుగా ముద్రవేసిన వ్యవహారంలో 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాలకు సమంగా పంచి లెక్కవేసి, లేని బాకీలు కట్టమని జనానికి నోటీసులు పంపారు.

మూడు చోట్లా కొంరయ్య సమస్యే: డేటాలోని మనిషి, బయటి మనిషి ఒకరు కాకపోవడం. మీ కార్డు రద్దయితే కారణం రాతపూర్వకంగా అడగండి. ఆన్‌లైన్‌లో లేదనేది కారణం కిందికి రాదు.

నా వివరాలు ఎవరు చూశారో నాకు తెలుస్తుందా?

ఎస్తోనియాలో తెలుస్తుంది. లాగిన్ అయితే ఏ ఆఫీసు ఏ రోజు చూసిందో జాబితా వస్తుంది. పని లేకుండా చూసిన ఉద్యోగిని శిక్షిస్తారు. మన దగ్గర ఆధార్ సైట్‌లో గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో 50 ఎంట్రీల దాకా చూసుకోవచ్చు, బయోమెట్రిక్ లాక్ కూడా వేసుకోవచ్చు. కానీ అది ఆధార్ ధ్రువీకరణ వరకే. మీ భూమి రికార్డు ఎవరు తెరిచారో అందులో కనిపించదు.

ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టాలా, సోమవారం ప్రజావాణికి పోవాలా?

రెండూ చేయండి. కేంద్రం పోర్టల్ సీపీగ్రామ్స్‌లో పెడితే నంబర్ వస్తుంది, రాష్ట్రానికి సంబంధించినదైతే రాష్ట్రానికి పంపుతారు. కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోతే అధికారి ఎదురుగా ఉంటాడు, రసీదు అడిగి తీసుకోండి. ఏదీ కదలకపోతే సమాచార హక్కు కింద 'నా దరఖాస్తు మీద ఏ తేదీన ఎవరు ఏం రాశారు' అని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ మూడో దారి నా చూపులో అన్నిటికంటే పదునైనది.

## పరీక్ష రాసేవాళ్ల కోసం

వ్యాసంలో ఎన్ని దేశాల ఉదాహరణలు రాయాలి?

రెండు చాలు. దేశాల పేర్లు పరిచేకంటే ఒకే సేవను తీసుకుని దరఖాస్తు నుంచి అప్పీలు దాకా ఇక్కడ, అక్కడ ఎట్లా నడుస్తుందో రాయండి. భూమి రికార్డు లేదా రేషన్ కార్డు అయితే మీకు చూసిన విషయమే కాబట్టి పెన్ను ఆగదు. ధనిక దేశమంటే డిజిటల్ దేశమని మాత్రం రాయకండి. జపాన్ డిజిటల్ ఏజెన్సీ పెట్టింది 2021లో. కొన్ని సర్కారు పత్రాలను ఫ్లాపీ డిస్కుల్లోనే ఇవ్వాలన్న నిబంధనలను అక్కడ తీసేసింది 2024లో. ఫ్లాపీ అంటే ఏమిటని క్లాసులో అడుగుతారు, దానికి ఇక్కడ జవాబు రాయడం లేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.